ఎన్నికల ఖర్చును బడ్జెట్ పద్దుల్లో ఎలా గుర్తించాలి?

మాది కోవూరు దగ్గర వరి పండించే కుటుంబం. 2008 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన సుమారు 60,000 కోట్ల రూపాయల రుణమాఫీలో మా నాన్నగారి పంట అప్పు రద్దయిందని బ్యాంకు ఇచ్చిన కాగితం, అంచులు చినిగిపోయి, ఇప్పటికీ పట్టాదారు పాసుపుస్తకంలోనే ఉంది. మరుసటి ఏడాదే లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. అధికారంలో ఉన్నవారు ఎన్నికల ముందు చేయి వదులు చేసి, గెలిచాక బిగిస్తారన్న వాదనను అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ 1975లోనే సిద్ధాంతీకరించారు. నాకు అది సగమే నిజమనిపిస్తోంది, ఎందుకంటే 2004లో రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలుపై రాజశేఖరరెడ్డి గారి సంతకం గెలిచిన తర్వాతే పడింది (హామీ మాత్రం ముందుదే). ఎంఏ ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను: ఎన్నికల వల్ల పెరిగిన వ్యయాన్ని కరవు, తుపాను సాయం నుంచి వేరుచేసి చూడాలంటే రాష్ట్ర బడ్జెట్‌లో ఏ పద్దులను, ఎన్నేళ్లపాటు పరిశీలించాలో తెలిసినవారు దయచేసి వివరించగలరా?