సంచిలో తిండి ఉంది, చేతికి అందలేదు: లాంగ్ రైడ్‌లో ఏది ఎక్కడ పెట్టుకుంటున్నారు?

రాత్రిచక్రం:
పోయిన వారం నా మొదటి 300 కిలోమీటర్ల బ్రెవే (టైం లిమిట్‌లోపు పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) అయింది. 20 గంటల లిమిట్‌లో 19 గంటల 10 నిమిషాలకు చేరాను. పూర్తి చేశాననడం కన్నా బయటపడ్డాననడమే నిజం. 210 కిలోమీటర్ల దగ్గర ఒక్కసారిగా కాళ్లలో సత్తువ పోయింది. తల తిరగడం, ఉత్తపుణ్యానికి చిరాకు, సైకిల్ కంప్యూటర్‌లో అంకెలు కనబడుతున్నా వాటి అర్థం బుర్రకెక్కకపోవడం. కల్వర్టు గోడ మీద అరగంట కూలబడ్డాను. అటుగా వచ్చిన ఇంకో రైడర్ అరటిపండు ఇస్తే లేచాను.

ఇంటికొచ్చి సంచి దులిపితే నాలుగు ఎనర్జీ బార్లు, డబ్బా నిండా ఖర్జూరం, రెండు వేరుశనగ పొట్లాలు. అన్నీ సీటు వెనక సంచిలో, రెయిన్ జాకెట్ కింద. ఆకలి అనిపించిన ప్రతిసారీ "ఇప్పుడు దిగి, స్ట్రాప్‌లు విప్పి, జాకెట్ తీసి... ఎందుకులే, వచ్చే కంట్రోల్‌లో (దారిలో కార్డు మీద స్టాంప్ వేసే చోటు) తిందాం" అనుకున్నాను. అంటే 300 కిలోమీటర్లు తిండిని మోసి, వెనక్కి తెచ్చుకున్నాను.

ఆరు వారాల్లో 400 ఉంది. 27 గంటలు, మధ్యలో ఒక రాత్రి మొత్తం. అనుభవం ఉన్నవాళ్లు ఏది ఎక్కడ పెట్టుకుంటారో చెప్పండి. బ్రాండ్ల పేర్లు వద్దు, పద్ధతి కావాలి.

నిదానమేప్రధానం:
ముందుగా కంగ్రాట్స్. మొదటి 300లో ఇలా అవడం మామూలే, నాకు 200లోనే అయింది.

ఇది సంచి సమస్య కన్నా లెక్క సమస్య. ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉండే కార్బోహైడ్రేట్ సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఆగకుండా తొక్కితే కొన్ని గంటల్లో అది అడుగంటుతుంది. కొవ్వు ఎంతైనా ఉండొచ్చు, దాన్ని ఒళ్లు అంత వేగంగా వాడుకోలేదు. అందుకే గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ లోపలికి పోతూ ఉండాలి. మామూలు సైజు అరటిపండులో దాదాపు 25 గ్రాములు ఉంటాయి. అంటే గంటకు ఒక పండు, దానికి తోడు రెండు మూడు ఖర్జూరాలు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి తీసుకుంటే 90 గ్రాముల దాకా పోవచ్చంటారు, కానీ దానికి కడుపును అలవాటు చేయాలి. నేను ప్రయత్నించిన రోజు కడుపు ఒప్పుకోలేదు, వివరాలు అడగకండి.

20 గంటలకు గంటకు 50 గ్రాములు వేసుకున్నా కిలో కార్బ్స్. అంతా మోయక్కర్లేదు. రెండు కంట్రోల్స్ మధ్య దూరానికి సరిపడా, పైన ఒక గంటకు అదనంగా ఉంటే చాలు. అది మాత్రం దిగకుండా అందాలి. నాకు టాప్ ట్యూబ్ (సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పైగొట్టం) మీద చిన్న బ్యాగ్ ఉంది, జిప్ ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. కంప్యూటర్‌లో 25 నిమిషాలకోసారి అలారం పెట్టాను. మోగితే ఆకలి ఉన్నా లేకపోయినా నోట్లో ఏదో ఒకటి పడాలి. ఆకలి తెలిసేసరికి ఆలస్యమైపోయినట్టే.

ఎండకన్ను:
అలారం మాట నిజం. ఒక్క మాట కలుపుతాను. రేపర్ల కొస ఇంట్లోనే కత్తిరించి పెట్టుకోండి. వానలో తడిసిన గ్లవ్స్‌తో, అర్ధరాత్రి, పళ్లతో బార్ రేపర్ చింపే బాధ పగవాడికి కూడా వద్దు. ఖర్జూరం గింజలు కూడా ముందే తీసేయండి. ఖాళీ రేపర్లకు వేరే జేబు ఉంచుకోండి. లేకపోతే చీకట్లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఖాళీ కవరే చేతికొస్తుంది.

ఇంకోటి, అంతా తీపే పెట్టుకోకండి. పది పన్నెండు గంటల తర్వాత తీపి చూస్తేనే వికారం వస్తుంది. నేను ఉప్పు వేసి ఉడికించిన చిన్న బంగాళాదుంపలు జిప్ కవర్‌లో పెట్టుకుంటాను. ఒక్కో ముక్క ఒక్కో నోటికి సరిపోతుంది, నమలడం సులువు. చాక్లెట్ పూత ఉన్న బార్లు ఎండకు కరిగిపోతాయి, చలికి రాయవుతాయి. పగలూ రాత్రీ తొక్కేవాళ్లకు అవి రెండు విధాలా పనికిరావు.

గాలిఎదురు:
హ్యాండిల్ ముందు బ్యాగ్ గురించి ఎవరూ చెప్పలేదేం? నాకు అదే ప్రాణం. మూత తీస్తే అన్నీ కంటి ముందే. కాకపోతే మొదటి రాత్రి రైడ్‌లో పరువు పోయింది. లైటు హ్యాండిల్ మీద, దాని ముందు నిండు బ్యాగ్. చీకటి పడ్డాక లైటు వేస్తే బ్యాగ్ పైభాగం దేదీప్యమానంగా వెలుగుతోంది, రోడ్డు మాత్రం లేదు! తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్‌తో 40 కిలోమీటర్లు నెట్టుకొచ్చాను. ఇప్పుడు లైటును ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) పైభాగానికి దించాను.

బరువు కూడా చూసుకోండి. ముందు ఒకటిన్నర కిలో దాటితే నా సైకిల్ హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది, నిదానంగా ఎక్కేటప్పుడు మరీనూ. అందరి సైకిల్‌కూ ఇలాగే ఉండదు, ఫోర్క్ జామెట్రీని బట్టి మారుతుంది. మీ సైకిల్‌కు ఎంతవరకు పర్వాలేదో ఒకరోజు నింపుకుని తిరిగి చూడండి.

ముళ్లదారి:
తిండి సంగతి వాళ్లు చూసుకుంటారు, నేను పనిముట్ల గురించి చెబుతాను.

ఒక 400లో పంక్చరైంది. ట్యూబ్ మార్చాను, గాలి కొట్టాను, నిలవలేదు. రెండో స్పేర్ తీశాను, అదీ నిలవలేదు. కారణం ఏమిటంటారా? ఆ రెండు ట్యూబ్‌లూ నెలల తరబడి మల్టీటూల్ పక్కనే సంచిలో పడున్నాయి. గతుకులకు ఆ ఇనుము రాసుకుని రాసుకుని చిల్లులు పెట్టేసింది. కొత్త ట్యూబ్‌లు, ఒక్కసారీ వాడనివి. అప్పటినుంచి ఒక్కో ట్యూబ్‌ను పాత సాక్స్‌లో చుట్టి పెడతాను. చేతికి గ్రీజు అంటితే ఆ సాక్స్ తుడుచుకోవడానికీ పనికొస్తుంది.

నా లిస్టు: ట్యూబ్‌లు రెండు, గ్లూ లేని ప్యాచ్‌లతో పాటు గ్లూతో అంటించే కిట్ కూడా, టైరు ఊడదీసే లివర్లు రెండు, చైన్ బ్రేకర్ ఉన్న మల్టీటూల్, తెగిన చైన్‌ను కలపడానికి మీ చైన్ స్పీడ్‌కు (వెనక గేర్ల సంఖ్యకు) సరిపోయే క్విక్ లింక్, మీ ఫ్రేమ్‌కు సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కు తగిలించే ముక్క), టైరు చీలితే లోపల వేయడానికి పాత టైరు ముక్క, జిప్ టైలు నాలుగు, కాస్త ఎలక్ట్రికల్ టేపు. టేపును రోల్‌గా మోయకండి, పంపు గొట్టానికి చుట్టేస్తే సరి. టైరు నింపే సీఓటూ సిలిండర్ ఉంటే ఉండనివ్వండి, పంపు మాత్రం తప్పనిసరి. సిలిండర్ ఒక్కసారికే, పంపు ఎన్నిసార్లైనా.

ఇవన్నీ ఒకే మూటగా ఫ్రేమ్ బ్యాగ్ అడుగున. రోజంతా ముట్టుకోవాల్సిన పని ఉండకపోవచ్చు, పైగా బరువైనవి. కిందా మధ్యలోనే ఉండాలి.

చైన్‌జారింది:
ఇంత గందరగోళం ఎందుకండీ? వీపు మీద ఒక బ్యాగ్, అందులో రెండు లీటర్ల నీళ్లు, మిగతా సామాను. అయిపోయింది.

నిదానమేప్రధానం:
చైన్‌జారింది గారూ, మీరు 200 దాటి అలా తొక్కారా? వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతున్నాను. రెండు లీటర్ల నీళ్లంటే రెండు కిలోలు. సైకిల్ మీద అది తెలియనే తెలియదు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలకు రెండు కిలోలు పెరిగితే ఎక్కుడులో రెండున్నర శాతం లోపే తేడా. అదే భుజాల మీదుంటే మెడ, భుజాలు, సీటు, మూడూ కలిసి గంటగంటకూ లెక్క అడుగుతాయి. వీపుకు గాలి కూడా తగలదు.

చైన్‌జారింది:
150 వరకే తొక్కాను. ఒప్పుకుంటున్నాను, ఆఖర్లో మెడ పట్టేసింది. అది హ్యాండిల్ దూరం వల్ల అనుకున్నాను.

ఎండకన్ను:
నేను ఆయన పక్షాన కొంచెం మాట్లాడతాను. నా సైకిల్ చిన్న సైజు. ఫ్రేమ్ బ్యాగ్ పెడితే బాటిల్ బయటికి రాదు, పెద్ద సీట్ బ్యాగ్ కట్టితే టైరుకు తగులుతుంది. ఒకసారి గతుకులో బ్యాగ్ దిగి టైరు మీద ఆని, అడుగున అరచేతంత చిల్లు పడింది. వెనక ఏదో వాసన వస్తోందనుకున్నానే గానీ అది నా బ్యాగే అని తెలియలేదు. పొడుగు ఫ్రేమ్ ఉన్నవాళ్లు చెప్పే సలహాలు చిన్న ఫ్రేమ్‌కు పనిచేయవు.

అందుకే రన్నర్లు వాడే పలచటి వెస్ట్ వేసుకుంటాను. వీపు ఖాళీ, ఛాతీ మీది జేబుల్లో తిండి మాత్రమే, అరకిలో దాటనివ్వను. బాటిళ్లకు పక్కనుంచి లాగే కేజ్‌లు పెట్టించాక చిన్న ఫ్రేమ్ బ్యాగ్ కూడా పట్టింది. సీటు వెనక బట్టలు మాత్రమే, చిన్న సంచిలో.

పాతగేరు:
ఆలస్యంగా చూశాను. మీరంతా స్ట్రాప్‌లతో కుస్తీ పడుతుంటే నాకు నవ్వొస్తోంది. చిన్న క్యారియర్, దాని మీద బోల్టు వేసి బిగించిన బ్యాగ్. పదేళ్లుగా ఊగలేదు, జారలేదు, టైరుకు రాసుకోలేదు. క్యారియర్ బరువు అరకిలో పైచిలుకు. ఆ అరకిలోకు భయపడి అందరూ వేలాడే మూటలు కట్టుకుంటున్నారు. క్యారియర్‌లో లోపం ఒకటే, అదురుకు బోల్టులు వదులవుతాయి. థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి, బయల్దేరే ముందు ఒకసారి అల్లెన్ కీ తిప్పి చూడండి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1891లో మొదటి పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో, దాదాపు 1200 కిలోమీటర్లు, షార్ల్ టెరాన్ నిద్రపోకుండా 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. అది రేసు, దారిలో సాయం చేసేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు అదే దూరానికి మనకు గరిష్ఠంగా 90 గంటలు ఇస్తారు, కానీ బయటివాళ్ల సాయం కంట్రోల్స్ దగ్గర తప్ప తీసుకోకూడదు. మధ్యలో కారు పక్కన వచ్చి బాటిల్ అందిస్తే పెనాల్టీ. కాబట్టి మోసుకోవడం కూడా ఈ ఆటలో భాగమే. తొక్కడం నేర్చుకున్నట్టే సర్దుకోవడం కూడా నేర్చుకోవాలి.

రాత్రిచక్రం:
పాతగేరు అన్నా, నాది కార్బన్ ఫ్రేమ్. క్యారియర్‌కు రంధ్రాలు లేవు. సీట్ బ్యాగ్‌తోనే బతకాలి. అది మాత్రం నిలబడి తొక్కితే కుక్కతోకలా ఊగుతోంది.

పాతగేరు:
అయితే తమ్ముడూ, సర్దే పద్ధతి మార్చు. బరువైనది సీట్‌పోస్ట్‌కు ఆనుకుని ఉండాలి, తోకవైపు తేలికైన బట్టలు. లోపల ఖాళీ వదలకు, జాకెట్‌ను చుట్టి కుక్కు. మెత్తగా సగం నిండిన సంచే ఊగుతుంది, రాయిలా బిగిసినది ఊగదు. కార్బన్ పోస్ట్ కదా, స్ట్రాప్ తగిలేచోట పాత ట్యూబ్ ముక్క చుట్టు. దుమ్ము ఇరుక్కుంటే స్ట్రాప్ ఆకురాయిలా గీకేస్తుంది.

వెనక లైటు కూడా చూసుకో. పెద్ద సంచి సీట్‌పోస్ట్ మీది లైటును కప్పేస్తుంది. సంచికి తగిలిస్తే అది వేలాడి నేలను చూస్తుంది. సీట్‌స్టేకు (సీటు కింది నుంచి వెనక చక్రానికి దిగే గొట్టానికి) బిగించు. బ్రెవేల్లో లైట్లు సైకిల్‌కు గట్టిగా బిగించి ఉండాలన్నది రూలు కూడా.

గాలిఎదురు:
కరెంటు సంగతి ఒకటి మిగిలింది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 37 వాట్-అవర్స్. ఫోన్‌లోకి ఎక్కేటప్పుడు కొంత వేడిగా పోతుంది, రాసినదంతా చేతికి రాదు. నేను దాన్ని టాప్ ట్యూబ్ బ్యాగ్‌లో తిండి పక్కన పెట్టి ఒకసారి చచ్చాను, ఎనర్జీ జెల్ ప్యాకెట్ పగిలి చార్జింగ్ పోర్ట్‌లోకి కారింది. అదే కవర్‌లో ఉన్న బ్రెవే కార్డు కూడా జెల్‌తో అంటుకుపోయింది. కంట్రోల్‌లో స్టాంప్ వేసే ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఎలక్ట్రానిక్స్ ఒకవైపు, తిండి ఒకవైపు. కార్డు విడిగా జిప్ కవర్‌లో.

రాత్రిచక్రం (మూడు వారాల తర్వాత):
చెప్పినవన్నీ పెట్టుకుని నిన్న 160 తొక్కాను. ఆఖరి 60 రాత్రిపూటే, కావాలనే.

స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) పక్కన చిన్న గుండ్రటి సంచిలో ఖర్జూరం, బంగాళాదుంపలు. టాప్ ట్యూబ్ బ్యాగ్‌లో ఫోన్, పవర్ బ్యాంక్. ఫ్రేమ్‌లో పనిముట్లు, సాక్స్ చుట్టిన ట్యూబ్‌లు. సీటు వెనక బట్టలు, అన్నిటికన్నా పైన రెయిన్ జాకెట్. ఒక బాటిల్‌లో ఎలక్ట్రోలైట్, రెండో దాంట్లో మామూలు నీళ్లు. మామూలు నీళ్ల విలువ నిన్నే తెలిసింది. జిగట చేతులు కడుక్కోవచ్చు, నెత్తిన పోసుకోవచ్చు.

ఊగడం దాదాపు ఆగింది. తిన్నది లెక్కేస్తే గంటకు సుమారు 45 గ్రాములు. మోసింది పోయినసారి కన్నా తక్కువే, ఇంటికి తెచ్చింది రెండు ఖర్జూరాలు.

తేలనివి రెండు. టాప్ ట్యూబ్ బ్యాగ్ కాస్త వెడల్పు, నిలబడి తొక్కితే మోకాళ్లు తగులుతున్నాయి. అరటిపండ్లు ఎక్కడ పెట్టినా నుజ్జవుతున్నాయి. జెర్సీ జేబులో పెడితే నడుముకు పేస్టులా అంటుకున్నాయి.

ఎండకన్ను:
బ్యాగ్ తిప్పి కట్టి చూడండి, జిప్ కొస సీటు వైపు వచ్చేలా, వెడల్పు భాగం స్టెమ్ వైపు. నాకు తగలడం తగ్గింది. అరటిపండ్లు మోయకండి. కంట్రోల్‌లో దొరికితే అక్కడే నిలబడి రెండు తినేసి బయల్దేరండి.