అమ్మానాన్నలని యూరప్‌లో టెంట్ క్యాంపింగ్‌కి తీసుకెళ్ళొచ్చా?

నీలిగుడారం:
మేం జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాం. పిల్లలకి 11, 7 ఏళ్ళు. ఆరేళ్ళుగా ప్రతి వేసవిలోనూ కారులో టెంట్ వేసుకుని తిరుగుతున్నాం. ఈ ఆగస్టులో అమ్మానాన్న వస్తున్నారు (నాన్నకి 68, అమ్మకి 63). స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రున్నెన్ అనే ఊళ్ళో 4 రాత్రులు, అక్కణ్ణుంచి గోథార్డ్ టన్నెల్ మీదుగా ఇటలీలో గార్డా సరస్సుకి వెళ్ళి 6 రాత్రులు, తిరుగు దారిలో ఆస్ట్రియాలో 3. ఇదీ ప్లాన్. మా ఆవిడ "హోటలైతే వస్తాను, లేదంటే మీరే వెళ్ళిరండి" అంటోంది. ఆగస్టులో ఆరుగురికి స్విట్జర్లాండ్ హోటలంటే మాటలా? నాన్న పొలంలో మంచె మీద పడుకున్న మనిషి, టెంట్ ఆయనకో లెక్క కాదు. తిండికీ ఇబ్బంది లేదు, రైస్ కుక్కర్ తీసుకెళ్తాం. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రైన్_ఒడ్డు:
కుక్కర్ ఎన్ని వాట్లు? చాలా క్యాంపింగ్ సైట్లలో ఇచ్చే కరెంటు 6 ఆంప్స్. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు. 700 వాట్ల కుక్కర్ నడుస్తుంది. దాంతోపాటు కెటిల్ కూడా పెట్టారంటే (అది 2000 పైనే లాగుతుంది) ఫ్యూజ్ పోతుంది. ఇటలీలో కొన్ని పాత సైట్లలో 4 ఆంప్సే. ముందు అడిగి వెళ్ళండి.

దోసకాయ_పప్పు:
పెద్దవాళ్ళ వీసా జర్మనీది కదా, స్విట్జర్లాండ్‌కి వేరే వీసా కావాలేమో చూసుకోండి.

రైన్_ఒడ్డు:
అక్కర్లేదు. స్విట్జర్లాండ్ ఈయూలో లేదు కానీ 2008 డిసెంబరు నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల్లో) ఉంది. హైవే స్టిక్కర్ మాత్రం కొనాలి, 40 ఫ్రాంకులు. ఆస్ట్రియాది మళ్ళీ వేరే.

పచ్చిమిర్చి:
నా అనుభవం చెప్తాను, తర్వాత మీ ఇష్టం. రెండేళ్ళ కింద మా మామగార్ని క్రొయేషియాలో ఇస్త్రియా వైపు క్యాంపింగ్‌కి తీసుకెళ్ళాం. మా టెంట్ నుంచి టాయిలెట్‌కి నూట యాభై అడుగులు కూడా లేదు. రాత్రి రెండింటికి లేచి, చీకట్లో పక్క టెంట్ తాడు కాలికి తగిలి పడ్డారు. మణికట్టు విరిగింది. వీసా కోసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తీసుకున్నాం కదా అని ధీమాగా ఉన్నాం. చేతికైన ఖర్చు ఇచ్చారు. అదే దెబ్బకి మోకాలు వాచింది, దానికి మాత్రం ఇవ్వలేదు. "అది పాత జబ్బు" అన్నారు. అరవై దాటినవాళ్ళకి రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తుందో మీకు తెలుసా? మంచె మీద పడుకున్నది ఏ వయసులో?

ఇంకో మాట. రెండు మంటల స్టవ్ మీద ఆరుగురికి మూడు పూటలా వండేది ఎవరు?

నీలిగుడారం:
మీ మామగారికి అలా జరిగినందుకు బాధగా ఉంది. మేం టాయిలెట్ పక్కనే స్థలం అడిగి తీసుకుంటాం, తలకి పెట్టుకునే లైట్లు కూడా కొన్నాను. @రైన్_ఒడ్డు, మాది చిన్న కుక్కరే. కెటిల్ తీసుకెళ్ళం.

గెంట్_గుంటూరు:
వీళ్ళ మాటలు విని మానుకోకండి అన్నా. నేను మా అమ్మానాన్నని ఫ్రాన్స్‌లో ఆర్దెష్‌కి తీసుకెళ్ళాను. నది మీద రాయే వంతెనలా నిలబడి ఉంటుంది చూడండి, పాంట్ దార్క్, దానికి దగ్గర్లోనే మా సైట్. మొదటి రోజు నాన్న ముఖం మాడ్చుకున్నారు. రెండో రోజు అంట్లు తోమే తొట్టెల దగ్గర అమ్మకి ఒక డచ్ ఆవిడ పరిచయమైంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటసేపు మాట్లాడుకున్నారు! ఆవిడ మా గోంగూర పచ్చడి రుచి చూసింది, అమ్మకి చీజ్ ఇచ్చింది (అమ్మ తినలేదు, అది వేరే విషయం). హోటల్ గదిలో ఇది దొరుకుతుందా? నాన్నకి జరిగిన ఒకే అవమానం ఈత కొలను దగ్గర. ఫ్రాన్స్‌లో వదులు నిక్కర్లతో నీళ్ళలోకి దిగనివ్వరు, ఒంటికి పట్టి ఉండేదే వేసుకోవాలి. ఆయన కుర్చీలో కూచుని పేపర్ చదువుకున్నారు.

పచ్చిమిర్చి:
అంట్ల తొట్టెల దగ్గర మీ అమ్మగారు ఏం చేస్తున్నారు?

గెంట్_గుంటూరు:
అర్థం కాలేదు.

పచ్చిమిర్చి:
పోనీలెండి.

అడవిమల్లె:
పిడుదులు జాగ్రత్త. మీరుండే వైపూ, ఆస్ట్రియాలోనూ మెదడువాపు తెచ్చే రకం ఉంటాయి. మీకూ పిల్లలకీ టీకా అయి ఉంటుంది, పెద్దవాళ్ళకి ఉండదు. గడ్డిలో తిరిగొచ్చాక ఒళ్ళంతా చూసుకోమనండి.

గడప_దాటిన_గాలి:
ఆరుగురంటే ఏడు సీట్ల కారా? మూడో వరుస లేపితే డిక్కీలో బియ్యం బస్తా కూడా పట్టదు. టెంట్లు, పరుపులు, కుక్కర్ ఎక్కడ పెడతారు?

నీలిగుడారం:
పైన బాక్స్ ఉంది.

గడప_దాటిన_గాలి:
బాక్స్‌లో 50, 75 కిలోలకి మించి పెట్టనివ్వరు. రెండు టెంట్లకే అయిపోతుంది. పైగా ఆగస్టు శనివారం గోథార్డ్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూ. మూడో వరుసలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఎవరు కూచుంటారు, నాన్నగారా?

నీలిగుడారం:
శాన్ బెర్నార్డినో మీదుగా వెళ్ళొచ్చు. వెనక పిల్లలు కూచుంటారు. ప్రతిదానికీ పుల్ల వేస్తే ఇంట్లోనే కూచోవాలి.

రైన్_ఒడ్డు:
"చిన్న కుక్కర్" అన్నారు. చిన్నదాంట్లో ఆరుగురికి రెండు వాయిలు పెట్టాలి. వాట్లు కింద స్టిక్కర్ మీద రాసి ఉంటాయి.

దోసకాయ_పప్పు:
లౌటర్‌బ్రున్నెన్ కొండల్లో కదా, అంత ఎత్తులో పప్పు ఉడుకుతుందా?

రైన్_ఒడ్డు:
అది 800 మీటర్లు. బెంగళూరు 900. బెంగళూరులో పప్పు ఉడకట్లేదా?

పచ్చిమిర్చి:
వండేది ఎవరని రెండు రోజుల కింద అడిగాను. ఆంప్స్ గురించి జవాబొచ్చింది, బాక్స్ గురించి జవాబొచ్చింది. దీనికి రాలేదు.

నీలిగుడారం:
అందరం కలిసి చేసుకుంటాం. మా ఇంట్లో అలాంటి తేడాలు లేవు. పెద్దవాళ్ళొస్తే మీకు బరువు అనిపించిందేమో, మాకు అలా కాదు.

పచ్చిమిర్చి:
బరువా? ఆ మణికట్టు కట్టుతో ఉన్న మనిషికి పదకొండు రోజులు అన్నం కలిపి పెట్టింది నేను. ఆయన కొడుకు క్లినిక్ కాగితాలు చూసుకున్నాడు. అది కూడా పనే, కాదనను. కానీ నాకున్నది ఏడాదికి 28 రోజుల సెలవు, అందులో పదహారు ఆ ట్రిప్‌కి పోయాయి. పొద్దున ఆరింటికి స్టవ్ ముందు, రాత్రి పదింటికి తొట్టెల దగ్గర. అదే పని ఇంట్లో ఫ్రిజ్, డిష్‌వాషర్ పెట్టుకుని చేస్తాను. అక్కడ వంగి చేశాను. హోటల్ ఖరీదు మీరు మిగుల్చుకోవట్లేదు, మీ ఆవిడ కడుతోంది. ఆవిడ ఆరేళ్ళు మీతో టెంట్‌లో పడుకుంది కదండీ. ఇప్పుడు వద్దంటోందంటే అది టెంట్ గురించి కాదని మీకు నిజంగా తెలియదా?

గెంట్_గుంటూరు:
అక్కా, కొంచెం ఎక్కువైంది.

పచ్చిమిర్చి:
మీ అమ్మగారు ఆ తొట్టెల దగ్గర గంట మాట్లాడారంటే గంట అంట్లు తోమారని. పోయినసారి అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

నీలిగుడారం:
నిజం చెప్తాను. 2023లో వాళ్ళొచ్చినప్పుడు 12 రోజులు బ్లాక్ ఫారెస్ట్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నాన్న బ్రెడ్ తినరు. పొద్దున్నే ఉప్మానో దోశో కావాలి. మా ఆవిడ అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు హోటల్ అంటోంది ఎందుకంటే హోటల్లో స్టవ్ ఉండదు. అది నాకు తెలుసు. కానీ నా వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. పద్నాలుగేళ్ళుగా ఇక్కడున్నాను. నాన్న వచ్చిన ప్రతిసారీ నాలుగు గోడల మధ్య టీవీ చూసి వెళ్ళిపోతారు. నేను ఇక్కడ ఎలా బతుకుతానో, దేనికి సంతోషపడతానో ఆయనకి చూపించాలని ఉంది. ఆ టెంట్ ముందు కుర్చీలో పక్కన కూచోవాలని. ఎన్ని వేసవులు ఉన్నాయి చెప్పండి?

అడవిమల్లె:
ఇదంతా నాన్నగార్ని అడిగారా?

నీలిగుడారం:
లేదు. సర్‌ప్రైజ్ అనుకున్నా.

గడప_దాటిన_గాలి:
68 ఏళ్ళ మనిషికి నేల మీద పడక సర్‌ప్రైజా? అడగండి ముందు.

నీలిగుడారం:
నిన్న ఫోన్ చేశాను. మంచె సంగతి ఎత్తితే నవ్వారు. "మంచె మీద పడుకుంది పందుల కాపలాకి రా, సరదాకి కాదు. మంచం ఉంటే మంచం మీదే పడుకునేవాణ్ణి" అన్నారు. సరస్సు చూస్తాను గానీ పడక ఎత్తులో ఉండాలట. అమ్మ వెనకనుంచి "కోడలు ఏమంటోంది" అని అడిగింది. నేను మాట మార్చాను.

గెంట్_గుంటూరు:
గార్డాలో చాలా సైట్లలో మొబైల్ హోమ్‌లు ఉంటాయి అన్నా. మంచాలు, లోపలే బాత్రూమ్. పిల్లలు పక్కన టెంట్ వేసుకోవచ్చేమో అడగండి. ఆగస్టులో ఎక్కువ చోట్ల శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు. లౌటర్‌బ్రున్నెన్ మానేసి ఏడు రాత్రులూ అక్కడే ఉండండి.

నీలిగుడారం:
అదే చూస్తున్నాను. మా ఆవిడకి లింక్ పంపాను. "వంటగది ఫొటో చూశాను" అని మాత్రం రాసింది.

పచ్చిమిర్చి:
మరి దానికి మీరేం రాశారు?

రైన్_ఒడ్డు:
మొబైల్ హోమ్ అయితే మామూలుగా గ్యాస్ స్టవ్ ఉంటుంది, ఆంప్స్ గొడవ తగ్గుతుంది. అయినా కుక్కర్ వాట్లు చెప్పనేలేదు.