మహేంద్రతనయ అవతల పొలం అమ్మాం: పన్ను లేదని టూల్ అంటోంది, ఉందని ఆడిటర్ అంటున్నారు

కిమిడి_చిన్నోడు
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. తాత నుంచి నాన్నకి వచ్చిన ఎకరా పది సెంట్ల పల్లం ఏటి అవతల, అంటే ఆంధ్రా వైపు ఉండేది. నిరుడు డిసెంబర్‌లో 38 లక్షలకి అమ్మేశాం. జులై 31లోపు నాన్న పేరున రిటర్న్ వెయ్యాలి. చాట్‌జీపీటీని తెలుగులో అడిగాను, తీర్పులు దొరికే ఇండియన్ కానూన్ సైట్‌లోనూ గంటసేపు వెతికాను. మున్సిపాలిటీకి 2 కిలోమీటర్ల అవతల ఉన్న వ్యవసాయ భూమి పన్ను లెక్కలో ఆస్తే కాదు, కాబట్టి రూపాయి కూడా కట్టక్కర్లేదు అని వచ్చింది. మా పొలం రోడ్డు మీద 2.8 కిలోమీటర్లు, బండి మీటర్ చూసి మరీ కొలిచాను. రోడ్డు దూరమే లెక్క అని హైకోర్టు తీర్పు కూడా దొరికింది. బరంపురంలో ఆడిటర్ దగ్గరికి వెళ్తే పన్ను పడుతుంది, నాలుగున్నర లక్షల పైనే అన్నారు. ఎందుకని అడిగితే కాగితాలు పట్టుకురమ్మన్నారు తప్ప విషయం చెప్పలేదు. ఎవరి మాట పట్టుకోవాలి?

రాయగడ_రైస్‌మిల్లు
తీర్పు చేతిలో ఉంటే ఇంకా భయమేంటి తమ్ముడూ. హైకోర్టు కంటే ఆ ఆడిటర్ పెద్దవాడా? ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకో, రిటర్న్‌లో ఆ అమ్మకం ఊసే ఎత్తకు. ఇలాంటివి నేను మూడేళ్లుగా సొంతంగానే చూసుకుంటున్నాను, ఒక్క నోటీసూ రాలేదు.

జయపురం_అక్క
మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ నడుస్తోంది. ఎవరైనా వివరంగా చెప్పండి.

బరంపురం_లెక్కలు
నేను ఒక ఆడిటర్ ఆఫీసులో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను. చిన్నోడూ, ఆ తీర్పు ఏ సంవత్సరానిదో చూశావా?

కిమిడి_చిన్నోడు
2010 అన్నా. పంజాబ్-హర్యానా హైకోర్టు.

బరంపురం_లెక్కలు
అనుకున్నాను. ఆ తీర్పు అబద్ధం కాదు, అప్పటికి అది సరైనదే. కానీ ఏది పన్ను పడే ఆస్తో చెప్పే సెక్షన్ 2(14)ని 2013 ఫైనాన్స్ చట్టంతో మార్చారు. 2014-15 అసెస్‌మెంట్ ఇయర్ (రిటర్న్ వేసే ఏడు) నుంచి దూరాన్ని ఆకాశమార్గాన, అంటే గీత గీసినట్టు తిన్నగా కొలవాలి. జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉన్న మున్సిపాలిటీ అయితే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల దాకా 6, ఆ పైన 8. పర్లాకిమిడి 2011 జనాభా లెక్కల్లో 46 వేల పైచిలుకు, అంటే 2 కిలోమీటర్ల లెక్క. రోడ్డు ఏటి మీద వంతెన కోసం చుట్టు తిరిగి వెళ్తుంది కాబట్టి నీకు 2.8 వచ్చింది. తిన్నగా గీత గీస్తే ఎంతో కొలిచావా?

ఇంకో మాట. ఆదాయపు పన్ను వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు (సీబీడీటీ) 2015 అక్టోబర్ 6న 17/2015 నంబరు సర్క్యులర్ ఇచ్చింది. అందులో రోడ్డు దూరాన్ని ఒప్పుకున్నది 2014-15కి ముందు ఏళ్లకి మాత్రమే. ఈ రెండూ చూడకుండా ఆ తీర్పు ఒక్కటే చదివితే ఎవరైనా నీలాగే పొరబడతారు.

రాయగడ_రైస్‌మిల్లు
పొలానికి ఎవరైనా ఎగిరి వెళ్తారా అండీ? మనిషి నడిచే దారి వదిలేసి ఆకాశంలో కొలవడం ఏం న్యాయం? కోర్టు కూడా రోడ్డు దూరమే అంది కదా. చట్టం మారిందంటున్నారు, దాని మీద మళ్లీ ఎవరైనా కోర్టుకి వెళ్లారో లేదో మీకు తెలుసా?

బరంపురం_లెక్కలు
న్యాయమో కాదో నేను చెప్పడం లేదు, అక్కడ రాసి ఉన్నదేంటో చెప్తున్నాను. ఆ పైన బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి కూడా 2015లో ఇదే సంగతి తేల్చింది: కొత్త కొలత ముందుకే తప్ప వెనక్కి వర్తించదని. అంటే పాత ఏళ్లవాళ్లకి ఊరట, 2025లో అమ్మినవాళ్లకి కాదు.

కిమిడి_చిన్నోడు
ఇప్పుడే గూగుల్ మ్యాప్‌లో గీత గీసి చూశాను. మున్సిపాలిటీ హద్దు అనుకున్న చోటు నుంచి 1.6 వస్తోంది. అయినా ఒక సందేహం. పొలం ఆంధ్రాలో ఉంది, మున్సిపాలిటీ ఒడిశాలో ఉంది. టూల్‌ని మళ్లీ అడిగితే పలాస-కాశీబుగ్గ, ఆమదాలవలస పేర్లు చెప్పి అవి చాలా దూరం కాబట్టి పన్ను లేదంది. పర్లాకిమిడి ఊసే ఎత్తలేదు.

పాతపట్నం_రైతు
రాష్ట్రం వేరైతే వర్తించదేమో బాబూ. మా అడంగల్‌కీ ఆ మున్సిపాలిటీకీ సంబంధమేంటి?

బరంపురం_లెక్కలు
చట్టంలో రాష్ట్రం అన్న మాటే లేదండీ. ‘ఎనీ మునిసిపాలిటీ’ అని ఉంది, ఏ మున్సిపాలిటీ అయినా. ఇది కేంద్రం వేసే పన్ను, ఏరు దాటగానే ఆగిపోదు. టూల్ పొలం ఉన్న జిల్లా చూసి అక్కడి మున్సిపాలిటీలే వెతికింది. సరిహద్దులో బతికే మనలాంటివాళ్ల ఊళ్లు దాని లెక్కలోకి రాలేదు.

పన్ను ఎంతంటే, తాతల నాటి భూమి కాబట్టి కొన్న ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. అది 2 లక్షలు అనుకో, అది కూడా ఆ నాటి స్టాంప్ విలువ దాటకూడదు. లాభం 36 లక్షలు, 12.5 శాతం అంటే నాలుగున్నర లక్షలు, సెస్‌తో 4 లక్షల 68 వేలు. 2024 జులై 23కి ముందు వచ్చిన భూమి కాబట్టి ఇండెక్సేషన్‌తో, అంటే పాత విలువని ధరల సూచీ ప్రకారం పెంచి, 20 శాతం కట్టే దారి కూడా ఉంది. 2025-26 సూచీ 376, ఆ 2 లక్షలు 7 లక్షల 52 వేలవుతుంది, పన్ను 6 లక్షలు దాటుతుంది. కాబట్టి మొదటిదే మేలు. మీ ఆడిటర్ చెప్పిన అంకె గాలిలోంచి వచ్చింది కాదు. చూపించకుండా ఊరుకుంటే మాత్రం తర్వాత పట్టుబడినప్పుడు ఆ పన్ను మీద కనీసం 50 శాతం పెనాల్టీ. టూల్ చెప్పింది సార్ అంటే ఏ ఆఫీసరూ వినడు.

రాయగడ_రైస్‌మిల్లు
ఇక చెప్పక తప్పదు. మీరు ఇంత గట్టిగా వాదించడానికి కారణం మీ ఫీజులు. ఆరేళ్ల కిందట నేను ఒక ఆడిటర్‌కి డబ్బు కట్టి, కాగితాలన్నీ ఇచ్చి, రిటర్న్ వేశారనే అనుకున్నాను. వెయ్యలేదు. గడువు దాటాక తెలిసింది. 5 వేలు లేటు ఫీజు సరే, అది పెద్ద బాధ కాదు. ఆ ఏడు మిల్లు నష్టాల్లో ఉంది. గడువు తర్వాత వేసిన రిటర్న్‌లో వ్యాపార నష్టాన్ని వచ్చే ఏళ్లకి మోసుకెళ్లనివ్వరని అప్పుడు చెప్పారు. తర్వాతి ఏడు లాభం వస్తే మొత్తం మీదా పన్ను కట్టాను. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టాం. ఆయన ఇప్పటికీ ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తాడు. నాకు మోసం చేసింది యంత్రం కాదు, మనిషి.

బరంపురం_లెక్కలు
మీకు జరిగింది తప్పే, బాధాకరమే. దానికి నన్ను ఎందుకు తిడుతున్నారు? ఈ చర్చలో నేను ఒక్క రూపాయి అడిగానా? ఎవరో ఒకరు చేసిన తప్పుకి 19 ఏళ్లుగా రాత్రిళ్లు కూర్చుని రిటర్న్‌లు వేసే మా అందరినీ దొంగల్ని చేస్తే ఒప్పుకోను. మీరు ఆ పిల్లాడికి అమ్మకం ఊసే ఎత్తకు అన్నారు, ఆ మాట విని ఉంటే రేపు వాళ్ల నాన్న మీద పడే పెనాల్టీ ఎవరు కడతారు, మీరా?

గుణుపూర్_మాస్టారు
ఇద్దరూ కాస్త తగ్గండి. మా బడిలో ఒక సవర టీచర్ ఉన్నారు, చాలా మంచివాడు. షెడ్యూల్డ్ తెగలకి సెక్షన్ 10(26) కింద పన్ను లేదని ఏదో సైట్‌లో చదివి, జీతంలో కోసిన టీడీఎస్ అంతా వెనక్కి కావాలని రిటర్న్ వేశారు. ఆ సెక్షన్ నాగాలాండ్, మిజోరం లాంటి ఈశాన్య రాష్ట్రాలకీ, లద్దాఖ్‌కీ. మన రాయగడ జిల్లా అయిదో షెడ్యూల్ ప్రాంతం, దానికి వర్తించదు. నోటీసు వచ్చింది. పాపం, సెలవు పెట్టి మరీ తిరిగారు. సెక్షన్ నిజమే, చదివింది నిజమే, చోటు మాత్రం మనది కాదు.

బరంపురం_లెక్కలు
ఇదే మాస్టారూ నేను చెప్పేది. 2024 డిసెంబర్‌లో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులో అసలు లేని తీర్పులు ఉదహరించినట్టు తేలి దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంతటివాళ్లకే అలా జరిగితే మన సంగతేంటి?

రాయగడ_రైస్‌మిల్లు
సరే, కోపంలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు, కానీ అసలు బాధ చెప్తాను, వినండి. మా నాన్న తెలుగు తప్ప చదవలేడు. ఆడిటర్ ఆఫీసులో ఒడియాలో మాట్లాడతారు, కాగితాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. సంతకం ఎక్కడ అని అడగడం తప్ప ఏం రాశారో ఎన్నడూ తెలీలేదు. రాత్రి పదకొండుకి ఫోన్లో తెలుగులో అడిగితే, విసుక్కోకుండా, మళ్లీ మళ్లీ అడిగినా చెప్పింది ఆ టూల్ ఒక్కటే. ఆ చిన్నోడిని కూడా ఆడిటర్ కాగితాలు తెమ్మన్నాడు కానీ ఎందుకో ఒక్క వాక్యం చెప్పలేదు కదా. మీరు ఇక్కడ రాసినట్టు ఆయన రాసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

బరంపురం_లెక్కలు
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా ఆఫీసులో నేనూ తెలుగువాణ్ణే, కౌంటర్ దగ్గర ఒడియాలోనే మాట్లాడతాను, పక్కన సార్ ఉంటారని. రోజూ ముప్పై మంది వస్తారు, కూర్చోబెట్టి చెప్పే తీరిక లేదు. అది మా తప్పే.

కానీ ఒకటి చూడాలి. చిన్నోడూ, టూల్ తెలుగులో ఇచ్చిన జవాబులో దూరం గురించి రాసిన వాక్యం ఒక్కటి ఇక్కడ పెట్టగలవా?

కిమిడి_చిన్నోడు
ఇదిగో అన్నా: “మున్సిపాలిటీ పరిధి నుంచి 2 కిలోమీటర్ల దూరం లోపల లేని గ్రామీణ వ్యవసాయ భూమి మూలధన ఆస్తిగా పరిగణించబడదు.”

ఇప్పుడు సెక్షన్ ఇంగ్లిష్ పాఠం ఉన్నది ఉన్నట్టు ఇవ్వమన్నాను. అందులో ‘మెజర్డ్ ఏరియల్లీ’, అంటే ఆకాశమార్గాన కొలిచి, అని ఉంది. తెలుగు జవాబులో ఆ ముక్క లేదు. అది చూడకపోవడం వల్లే బండి మీద కొలిచాను.

బరంపురం_లెక్కలు
అదే. మేం కూడా వెతకడానికి ఈ సైట్లే వాడతాం, తీర్పులు అక్కడే దొరుకుతాయి. కానీ సెక్షన్ పాఠం మాత్రం ఆదాయపు పన్ను శాఖ సైట్‌లో తెరిచి, ఆ ఏడుకి ఏది అమల్లో ఉందో చూస్తాం. ఇప్పుడైతే ఇంకా జాగ్రత్త. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. మీ అమ్మకం అంతకుముందు జరిగింది కాబట్టి 1961 చట్టమే. టూల్ ఈ రెండింటినీ కలిపేస్తుంది, అడిగేటప్పుడు అమ్మిన తేదీ తప్పకుండా చెప్పాలి.

ఇంకొకటి, నాన్నగారు మళ్లీ పొలం కొనాలనుకుంటున్నారా? అమ్మిన పొలంలో అంతకుముందు రెండేళ్లు ఆయన గానీ తాతగారు గానీ సాగు చేసి ఉంటే, అమ్మిన రెండేళ్లలోపు వేరే సాగు భూమి కొంటే సెక్షన్ 54బి కింద లాభం మీద పన్ను తగ్గుతుంది. రిటర్న్ గడువులోపు కొనకపోతే ఆ డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వెయ్యాలి. కొత్త భూమి మూడేళ్లు అమ్మకూడదు.

కిమిడి_చిన్నోడు
నాన్న సొంతంగానే చేసేవాడు, గట్టు మీద కొబ్బరి చెట్లు కూడా ఆయన పెట్టినవే. మళ్లీ చిన్న ముక్కైనా కొనాలని అమ్మిన రోజు నుంచీ అంటున్నాడు. ఈ 54బి సంగతి టూలూ చెప్పలేదు, ఆడిటరూ చెప్పలేదు.

రాయగడ_రైస్‌మిల్లు
ఆ ఖాతా సంగతి మాత్రం ముందు చూసుకో తమ్ముడూ, గడువు దాటితే ఏమవుతుందో నాకు తెలుసు. లెక్కలు గారూ, మా నాన్నని ఒకసారి మీ దగ్గరికి పంపితే తెలుగులో చెప్తారా?

బరంపురం_లెక్కలు
శనివారం మధ్యాహ్నం తర్వాత పంపండి. కూర్చోబెట్టి చెప్తాను.

పాతపట్నం_రైతు
1.6 అని అంటున్నావు గానీ బాబూ, కొలవాల్సింది మున్సిపాలిటీ హద్దు నుంచి, నువ్వు బస్టాండ్ నుంచి కొలిచావా, హద్దు నుంచా? మా పక్క పొలమూ అమ్మకానికి ఉంది, అందుకే అడుగుతున్నాను.

కిమిడి_చిన్నోడు
అదే సరిగ్గా తెలీదండీ, ఏటి ఒడ్డు వరకే పట్నం హద్దు అనుకుని గీశాను. సోమవారం మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి వార్డు మ్యాప్ అడుగుతాను, దొరికితే ఫొటో ఇక్కడ పెడతాను.