వాట్సాప్ వదిలి టెలిగ్రామ్‌కి పోదామా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగువాళ్లం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు 1024 మందితో నిండిపోయింది. కొత్తవాళ్లకి చోటు లేదు. టెలిగ్రామ్‌లో ఒక గ్రూపుకి 2 లక్షల మంది దాకా పడతారు. తేదీ పెట్టుకుని అందరం మారిపోదాం. ఏమంటారు?

గుణుపురం రైలు:
నాకు ఇష్టం లేదు మాస్టారూ. మా అమ్మ మాట్లాడేది తెలుగే, చదువు మాత్రం ఒడియా. తెలుగు అక్షరాలు రావు. పొద్దున్నే బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, మైకు బొమ్మ మీద వేలు నొక్కిపట్టి, రాయగడలో ఉన్న పిన్నిని పలకరిస్తుంది. వేలు తీసేస్తే మాట తెగిపోతుందని టెన్షన్, గోరు తెల్లబడేదాకా నొక్కుతుంది. అది నేర్పడానికే నెల పట్టింది.
2021 జనవరిలో వాట్సాప్ ప్రైవసీ గొడవప్పుడు మేం ఐదుగురం సిగ్నల్ అనే యాప్‌కి వెళ్లాం. అక్కడ మాట్లాడటానికి మనవాళ్లే లేరు. వారానికే వెనక్కి వచ్చేశాం.

బరంపురం కోడలు:
జనం అసలు మారరని కాదు తమ్ముడూ. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించాక మా వీధి పిల్లలంతా చూస్తుండగానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి చేరిపోయారు. అక్కడ తలుపు మూసేశారు కాబట్టి పోక తప్పలేదు. ఇక్కడ తలుపు తెరిచే ఉంది కదా, తేదీ పెడితే ఎవరు కదులుతారు?

గుణుపురం రైలు:
ట్విటర్ సంగతీ అంతే. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ దాన్ని కొన్నాక ట్విటర్ లాంటిదే అయిన మాస్టొడాన్‌కి వెళ్లిన 1,36,009 మంది మీద పరిశోధన జరిగింది. తమవాళ్లు వెళ్లడం ప్రభావం వాళ్ల మీద ఉందని అందులో తేలింది. పైగా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ట్విటర్‌ని వదల్లేదు, రెండు చోట్లా ఉన్నారు. పెద్దవాళ్లని వదిలేసి మనం పోతే అది మారడం కాదు మాస్టారూ, విడిపోవడం.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
విడిపోవడం నాకూ ఇష్టం లేదు బాబూ. కానీ గ్రూపులో చోటు లేదని ఒక పిల్లవాణ్ని తిప్పి పంపాను. తెలుగు వినడానికి వాడికి ఇంకో దారి లేదు. వాడికేం చెప్పను?

బరంపురం కోడలు:
రెండూ ఉంచుదాం. మనిషి పోయిన కబురు, పెళ్లి పిలుపు, రక్తం కావాలన్న మాట రెండు చోట్లా పడాలి. ఆరు నెలలు ఆ పని నేను చేస్తాను.

గుణుపురం రైలు:
అయితే సరే అక్కా. మా అమ్మ వాయిస్‌లు కూడా అటు పంపండి. ఆ పిల్లాడికి వినిపించాలి.