అడిగే పిల్లలా, ప్రశ్నించే పిల్లలా?

అడిగినవాడు:
మన మాటల గ్రూపులో అందరికీ నమస్కారం. కారెల్ అపెల్ అనే డచ్ చిత్రకారుడి మీద చిన్న వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1949లో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాలు క్యాంటీన్ గోడ మీద వేసిన బొమ్మ పేరు ‘వ్రాఖెండె కిండెరెన్’. ఇంగ్లీషు పుస్తకాలు చూసి ‘ప్రశ్నించే బాలలు’ అని రాసుకున్నా. మా ఆవిడ చదివి “బాలల హక్కుల ర్యాలీలో ఫ్లెక్సీలా ఉంది” అంది. అప్పట్నుంచి నాకూ ఫ్లెక్సీయే కనిపిస్తోంది. వేరే మాటేదైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఆమ్‌స్టెల్వేన్ సభ్యుడు:
ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న మా ఊళ్లో, ఆఫీసుకి సైకిల్ దూరంలోనే, అపెల్ గుంపు బొమ్మలుండే కోబ్రా మ్యూజియం ఉందండీ, కాబట్టి నోరు మూసుకుని ఉండలేను. డచ్ పరీక్ష రెండుసార్లు పోయి మూడోసారి గట్టెక్కినవాణ్ణి కూడా. ‘వ్రాఖెన్’ అంటే అడగడం. దారి అడిగినా అదే, రొట్టె అడిగినా అదే. పక్కన ‘నార్’ పెడితే దేని గురించో తెలుసుకోవాలని, ‘ఒమ్’ పెడితే ఏదో ఇమ్మని. ఈ పేరులో రెండూ లేవు. అందుకే రెండర్థాలూ ఉండిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక రైల్లో జర్మనీ మీదుగా వెళ్తూ, స్టేషన్లలో చేతులు చాచి నిలబడ్డ ఆకలి పిల్లల్ని చూశాడు అపెల్. ఆ పిల్లలే చాలా బొమ్మల్లోకి వచ్చారు. ఒకదానికైతే పాత కిటికీ తలుపు తీసుకుని, దాని మీద పారేసిన చెక్కముక్కలు మేకులతో కొట్టి, మోటుగా రంగు పూశాడు. అది ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది. దాని పేరూ ఇదే.

వరంగల్ సభ్యురాలు:
మరి ఇంత తిప్పలెందుకు సార్, మనకు ‘అడుగు’ ఉండనే ఉన్నది గద. లెక్క తెల్వకపోతే సార్‌ని అడుగుతం, ఆకలైతే అమ్మను అడుగుతం. ‘అడగందే అమ్మైనా పెట్టదు’ అన్నప్పుడు అది ప్రశ్న కాదు, అన్నం. మనకైతే ‘ఒమ్’, ‘నార్’ లాంటి తోకలు కూడా అక్కర్లేదు. ‘అడిగే పిల్లలు’ అని పెట్టుండ్రి.

డ్రాయింగు మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, బాగుంది కానీ ‘అడిగే పిల్లలు’ అంటే మరీ చప్పగా లేదూ? చేతులు చాచిన పిల్లలంటున్నారు. ‘అడుక్కునే పిల్లలు’ అంటే సూటిగా ఉంటుంది కదా.

వరంగల్ సభ్యురాలు:
మాస్టారూ, ‘కొను’ తగిలించంగనే ప్రశ్న సచ్చిపోతది. అడుక్కునేటోడు అంటే ఇగ బిచ్చగాడే, వేరే అర్థం లేదు. డచ్‌లో దానికి వేరే మాట లేదా?

ఆమ్‌స్టెల్వేన్ సభ్యుడు:
ఉందండీ, ‘బేడెలెన్’. ఆయన అది వాడలేదు.

డ్రాయింగు మాస్టారు:
అయితే ఒప్పుకున్నా. పైగా ఆ బొమ్మల్లో పిల్లలకి నోటికంటే కళ్లే పెద్దవి. గుండ్రటి కళ్లతో తేరిపార చూస్తుంటారు. అది అన్నమో, ‘ఎందుకిలా చేశారు’ అన్న నిలదీతో మనమే తేల్చుకోవాలి. క్యాంటీన్ గోడ మీద అలాంటి కళ్లు! అన్నం తినేవాళ్ల ఎదురుగా! ముద్ద ఎలా దిగుతుంది?

అడిగినవాడు:
దిగలేదండీ. ఉద్యోగులు గోల చేశారు, బొమ్మని కప్పేశారు. దాదాపు పదేళ్లు అలా కప్పే ఉంచారు. పారిస్‌లో అపెల్ వాళ్ల కోబ్రా చిత్రకారుల గుంపు పుట్టింది 1948 నవంబరులో. కోపెన్‌హేగన్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. పాము కూడా కలిసొచ్చింది. మరుసటేడే ఈ గొడవ. 1950లో అపెల్ పారిస్ వెళ్లిపోయాడు. ఆమ్‌స్టర్‌డామ్ డాపర్‌స్ట్రాట్ వీధిలో మంగలి కొడుకుగా పుట్టినవాడు, 2006లో జ్యూరిక్‌లో పోయాడు. నన్నడిగితే ఆయన బతుకులో ఈ గోడ కథకి మించింది లేదు, తర్వాత వచ్చిన బహుమతుల సంగతి వ్యాసంలో రెండు ముక్కల్లో తేల్చేస్తా.

ఆమ్‌స్టెల్వేన్ సభ్యుడు:
మాటల గ్రూపు కాబట్టి ఇంకోటి. బొమ్మని కప్పేయడం మీద ఆల్డో ఫాన్ ఐక్ అనే ఆర్కిటెక్టు ఒక కరపత్రం వేశాడు. దాని పేరు ‘ఎన్ అపెల్ ఆన్ ద ఫర్‌బేల్డింగ్’, అంటే ఊహాశక్తికి ఒక విన్నపం. ఆ విన్నపానికి వాడిన మాట చిత్రకారుడి ఇంటిపేరులాగే ఉంటుంది, నొక్కి పలకడంలోనే తేడా. ఇంటిపేరుకి అర్థమేమో యాపిల్ పండు! తెలుగులో ఎలా పెడతారో చూస్తా.

వరంగల్ సభ్యురాలు:
‘ఊహకు ఒక అప్పీలు’. కోర్టు వాసనొచ్చినా సరే, పేరు వినబడుతది. పండు మాత్రం పోయింది.

అడిగినవాడు:
రాసుకున్నా! ఇక ఆఖరిది. ఆయన మాటే ఒకటుంది, ‘ఇక్ రాట్‌జోయ్ మార్ వాట్ అన్’. దీన్ని ‘ఏదో గీస్తుంటాను’ అనొచ్చా?

డ్రాయింగు మాస్టారు:
వద్దు బాబూ. ‘ఏదో గీస్తుంటాను’ అనేది మన సభల్లో శాలువా కప్పించుకునేవాడి వినయం. ఆయన సంగతి వేరు. కుంచెలతో, పుట్టీ కత్తులతో, ఉత్త చేతులతో రంగు పూసేవాడు, ఒక్కోసారి డబ్బాకి డబ్బా రంగు కాన్వాసు మీదికి విసిరేవాడు. ‘ఏదో గెలుకుతుంటాను’ అను. కోడి గెలికినట్టుందని నా పిల్లల రాతల్ని ముప్పయ్యేళ్లు తిట్టాను, ఆ మాట పనికొస్తుంది. ‘మార్’, ‘వాట్’ రెండూ ఆ ‘ఏదో’లోనే పడిపోతాయి.

ఆమ్‌స్టెల్వేన్ సభ్యుడు:
పడతాయి మాస్టారూ. చివర ‘ఆన్’ అనాల్సింది ‘అన్’ అన్నాడు, అది పేట యాస. అందుకే ‘గెలుకు’ సరిపోయింది, ‘కెలుకు’ అయితే పుస్తకం మాటలా ఉండేది.

డ్రాయింగు మాస్టారు:
ఇంతకీ ఆ గోడ ఉందా, పడగొట్టారా?

ఆమ్‌స్టెల్వేన్ సభ్యుడు:
ఉందండీ. టౌన్‌హాలు అక్కణ్ణుంచి వెళ్లిపోయింది, భవనం పెద్ద హోటలైంది. పిల్లలు ఇప్పుడు రెస్టారెంటు గుమ్మం దగ్గరున్నారు.