ఎల్లో క్రేజీ చీమల పెట్టె: వానల్లో పౌడర్ గీత నిలవట్లేదు

గాజుపుట్ట:
విశాఖలో ఎల్లో క్రేజీ చీమల (అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్) గుంపును పెంచుతున్నాను. మూడు రాణులు, రెండొందల దాకా పని చీమలు. పెట్టె అంచుకు టాల్కం పౌడర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి పూస్తే వానలు మొదలయ్యాక పనిచేయట్లేదు, ఎక్కేస్తున్నాయి. ఇంకోటి, పెట్టెలో అవి గూడుగా వాడుకునే టెస్ట్ ట్యూబ్ మార్చడానికి చీమలను కొత్తదాంట్లోకి దులిపి, దానికి బిరడా పెడితే కాసేపటికే చాలా చీమలు చచ్చిపడ్డాయి. ఎందుకంటారు?

దూదిబిరడా:
ముందు ట్యూబ్ సంగతి. ఇవి కుట్టవు, బెదిరితే ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. బిరడా పెట్టాక ఆ ఆవిరి పోయే దారి లేక వాటికే విషమైంది. దులపొద్దు, నోటితో ఊదొద్దు. కొత్త ట్యూబ్‌లో మూడో వంతు నీళ్లు పోసి, దూది బిగించి, లోపల చీకటిగా ఉండేలా పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. దాన్ని పాతదాని పక్కన పడుకోబెట్టి, పాతదాని మీద వెలుగు పడనివ్వండి. గుడ్లు, పిల్లలను మోసుకుని అవే మారతాయి. రెండు మూడు రోజులు పట్టినా కదపకండి.

తడిచెయ్యి:
పౌడర్ రేణువులు పొడిగా, వదులుగా ఉంటేనే కాళ్ల కింద జారతాయి. తేమకు అతుక్కుపోతే చీమకు పట్టు దొరుకుతుంది. అందుకే నీళ్లు ట్యూబ్‌లో మాత్రమే ఉంచి, పెట్టెను పొడిగా ఉంచండి. మూతకు కోసిన కిటికీలో 0.3 మి.మీ. కన్నాల స్టీల్ జాలీ అతికించండి. పౌడర్ పట్టీ 5 సెం.మీ. వెడల్పు ఉండాలి, తేమగా ఉన్న రోజుల్లో తరచూ తుడిచి మళ్లీ పూయాలి. ఆ పెట్టెను 2 సెం.మీ. సబ్బునీళ్లున్న ట్రేలో, గోడకూ వైర్లకూ తగలకుండా పెట్టండి. వట్టి నీళ్లయితే పైన దుమ్ము పేరుకుని వంతెన అవుతుంది. కొబ్బరినూనె రాయమంటారు కొందరు. మన ఎండకు కరిగి జారిపోతుంది, దండగ.

తిండి విషయంలో తీపి ఎక్కువ కావాలి వీటికి. పంచదార ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు, దూదిలో ముంచి పెట్టండి. పులిసేలోగా మార్చాలి. వారానికి రెండుసార్లు తరిగిన బొద్దింకో మిడతో వేసి, మిగిలింది మర్నాడే తీసేయండి.

గాజుపుట్ట:
థాంక్సండీ. గుంపు పెరిగితే కొన్ని పెరట్లో వదలొచ్చా? ఇక్కడ ఎలాగూ ఉన్నవే కదా.

దూదిబిరడా:
అస్సలొద్దు. ఒక రాణి కొన్ని పని చీమలతో నడిచివెళ్లి కొత్త కాపురం పెట్టేస్తుంది, ఎగరక్కర్లేదు. మొక్కల రసం పీల్చే పిండినల్లి, పొలుసు పురుగులు కార్చే తీపి జిగట కోసం వాటికి కాపలా కాస్తాయి, మొక్కలు దెబ్బతింటాయి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో ఎర్ర పీతలు కోట్లలో చనిపోయింది వీటి వల్లే. 2022లో తమిళనాడు కరంతమలై కొండల దగ్గర పశువుల మీద కూడా దాడి చేశాయి. ఎక్కువైన వాటిని గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో −18 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచండి. పాత దూది కూడా అందులోనే వేయండి, దాని మడతల్లో రాణి ఉండొచ్చు.