మీ మనసులో ఉన్న డ్రమ్ కిట్ ఎలా ఉంటుంది?

ప్రశ్న (సింగరాయకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఊరి చర్చిలో ఆరేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. అక్కడున్నది 22 అంగుళాల కిక్ (కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్), 12, 13 అంగుళాల టామ్స్ (చేతి డ్రమ్స్), కాళ్ల మీద నేల మీద నిలబడే 16 ఫ్లోర్ టామ్, కింద తీగలుండి చరచరమనే స్నేర్. సింబల్స్ (స్టిక్‌తో కొట్టే లోహపు పళ్లేలు) కిట్‌తో పాటు వచ్చిన ఇత్తడివే. నాకంటూ సొంత కిట్ ఒకటి ఉండాలని చాలా కోరికగా ఉంది. ఒకేసారి కొనే స్తోమత లేదు కాబట్టి, కావలసినదంతా ముందు కాగితం మీద రాసుకుని ఏడాదికి ఒకటో రెండో కొనుక్కుంటూ పోదామనుకుంటున్నా. కూర్చుని రాస్తే రోజుకో రకంగా మారిపోతోంది. మీరైతే ఏం రాసుకుంటారు? ఎందుకు? ఇంకో సంగతి, మాకు సముద్రం దగ్గర. చర్చి స్టాండ్లు రెండేళ్లకే తుప్పు పట్టాయి. దానికీ ఏదైనా దారి చెప్పండి.

జవాబు (కావలి నుంచి)

తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించాను. నా కాగితం చిన్నది. 20 కిక్, 12 టామ్, 14 ఫ్లోర్ టామ్, 14 అంగుళాల స్నేర్. సింబల్స్‌లో హైహ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచేది) ఒక జత, ఒక క్రాష్ (పెద్ద దెబ్బకు), ఒక రైడ్ (తాళం నడపడానికి). అంతే. ఇదంతా ఒక్క ఆటోలో పట్టాలి, రాత్రి రెండింటికి ప్రోగ్రాం అయ్యాక నేనొక్కడినే విప్పి సర్దుకోగలగాలి.

మధ్యలో ఆక్టోప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం వచ్చింది. ఎనిమిది ప్యాడ్లు, ఒక సంచిలో పట్టేస్తుంది, డోలక్ కావాలంటే డోలక్, తబలా కావాలంటే తబలా. చాలా ఏళ్లు నాకు అన్నం పెట్టింది అదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ కిక్ తొక్కితే గుండెల దాకా వచ్చే గాలి దాంట్లో రాదు. అందుకే ఇప్పటికీ కిట్ కోసమే కలలు కంటున్నా.

మీ చర్చి స్లాబు హాలా? స్లాబు తక్కువ ఎత్తులో ఉంటే 22 కిక్ గుమ్ముమని మోగుతూ పాట మాటలు వినపడనివ్వదు. కొన్నాళ్లు లోపల ఒక దుప్పటి మడిచి, డ్రమ్‌కు రెండు వైపులా బిగించిన స్కిన్‌లకూ కొంచెం తగిలేలా పెట్టి చూడు.

జవాబు (ఒంగోలు నుంచి)

కావలి అన్న చెప్పింది మోయడానికి బాగుంటుంది. నాది మాత్రం కల కాబట్టి పెద్దగానే రాస్తా. మేపుల్ చెక్కతో చేసిన షెల్స్ (డ్రమ్ గుల్లలు), 22 కిక్, 10, 12, 14, 16 టామ్స్, డబుల్ పెడల్, 16, 18 క్రాష్‌లు, 20 రైడ్. స్నేర్ మాత్రం లుడ్విగ్ కంపెనీ సుప్రాఫోనిక్, ఆ అల్యూమినియం షెల్ మోత నాకు ప్రాణం. ఇంకా హైహ్యాట్ పక్కన స్టాండ్ మీద ఒక తప్పెట. మా పేటలో జాతరకు తప్పెట వింటూ పెరిగినవాణ్ని. డ్రమ్మర్ శివమణి గారు కిట్ చుట్టూ ఊళ్లోని వాయిద్యాలన్నీ పేర్చుకుని వాయించడం చూశాక, అది నా పక్కన కూడా ఉండాలని గట్టిగా అనిపించింది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. తోలు తప్పెట చలికి, తేమకి వదులవుతుంది, మంట దగ్గర కాచాలి. స్టేజీ మీద మంట కుదరదు కాబట్టి ఫైబర్ తప్పెటే పెట్టుకోవాలి. డ్రమ్ కిట్‌కీ ఒకప్పుడు ఇదే బాధ, దూడ తోలే బిగించేవాళ్లు. 1957లో అమెరికా డ్రమ్మర్ రెమో బెల్లీ ప్లాస్టిక్ స్కిన్ అమ్మకాలు మొదలుపెట్టాక కష్టం తీరింది. మన సముద్రపు తేమలో కూడా ఇవాళ కిట్ ట్యూనింగ్ నిలుస్తోందంటే దాని వల్లే.

జవాబు (నెల్లూరు నుంచి)

తమ్ముడూ, నేను పిల్లలకు డ్రమ్స్ నేర్పుతాను. ముక్కలు ఎన్ని అన్నది పక్కన పెట్టి, నీ చెవిలో ఏ మోత ఉందో అది రాయి. "కిక్ పొట్టిగా, గట్టిగా రావాలి, మోగుతూ ఉండకూడదు" అని మాటల్లో రాస్తే సైజు దానంతట అదే తేలుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. చెక్క విషయానికొస్తే మేపుల్ మోత వెచ్చగా, నిండుగా ఉంటుంది. బిర్చ్‌లో దెబ్బ స్పష్టంగా వచ్చి త్వరగా ఆగుతుంది, మైకులకు బాగా పడుతుంది. యమహా రికార్డింగ్ కస్టమ్ అనే కిట్ మొత్తం బిర్చే. చర్చిలో పాటకు అడ్డం రాకూడదంటే నేనైతే బిర్చ్ రాస్తాను.

కొనేటప్పుడు షెల్స్ చివరికి పెట్టుకో. ముందు సింబల్స్. మామూలు కిట్ షెల్స్‌ని కొత్త స్కిన్‌లతో, మంచి ట్యూనింగ్‌తో బాగు చేయొచ్చు. ఇత్తడి సింబల్‌ని ఏం చేసినా పళ్లెం మోతే. మంచివి కంచుతో చేస్తారు, దాంట్లో బి20 అంటే 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. బి8లో తగరం 8 పాళ్లే, ధర తక్కువ, మోత సూటిగా ఉంటుంది. 14 అంగుళాల హైహ్యాట్ జతతో మొదలుపెట్టు, ఆదివారం పొద్దున నీ చేతి కింద ఎక్కువసేపు ఉండేది అదే. వీడియోలు చూసి సింబల్ కొనొద్దు. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల దారి, మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ లాంటి చోటికి వెళ్లి, నీ సొంత స్టిక్స్‌తో కొట్టి విను.

తర్వాత స్నేర్, పెడల్, కూర్చునే స్టూలు. స్టూలును ఎవరూ లెక్క చేయరు. నేను ఏళ్ల తరబడి ప్లాస్టిక్ కుర్చీ మీద వాయించి నడుం నొప్పి తెచ్చుకున్నా.

మళ్లీ సింగరాయకొండ

అక్కా, మోత రాసుకోమన్న మాట బాగా పట్టింది. రాత్రి కూర్చుని రాశాను, 10 టామ్ అక్కర్లేదని తేలింది. పాత సరుకు కొనొచ్చా? షెల్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు (ఒంగోలు నుంచి)

కొనొచ్చు. రెండు వైపులా స్కిన్‌లు విప్పించి, షెల్‌ని పాలిష్ పట్టిన గ్రానైట్ బండ మీద బోర్లించు. మన జిల్లాలో చీమకుర్తి రాయి లేని వంటింటి గట్టు ఉందా? లైట్లు ఆపి, షెల్ లోపల టార్చి వేసి అంచు చుట్టూ చూడు. ఎక్కడైనా వెలుగు బయటికొస్తే అంచు అక్కడ అరిగినట్టు. చాలా చోట్ల వస్తే వదిలేయ్, ఎంత బిగించినా ట్యూనింగ్ కుదరదు. నేను ఇది తెలియక ఒక దుకాణంలో మేపుల్ అన్నారని తెచ్చుకున్నా. ఇంటికొచ్చి విప్పితే అంచు వంకర, లోపల చెక్క వేరే.

జవాబు (కావలి నుంచి)

తుప్పు గురించి ఎవరూ చెప్పలేదు. వాయించడం అయిన వెంటనే పొడి గుడ్డతో సింబల్స్, స్టాండ్లు తుడువు. మన చెమటలోనూ ఉప్పే, గాలిలోనూ ఉప్పే. నెలకోసారి నట్లు విప్పి మరలకు కుట్టు మిషన్ నూనె ఒక్కో చుక్క వెయ్యి, స్కిన్ మీద పడనీయకు. తిరిగి బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా తిప్పు. సముద్రం వైపు కిటికీ కింద మాత్రం కిట్ పెట్టొద్దు.

మళ్లీ సింగరాయకొండ

చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. నా కాగితం ఇది: బిర్చ్, 20 కిక్, 12, 14, బి20 హైహ్యాట్, ఒక క్రాష్, ఒక రైడ్. హైహ్యాట్‌కి డబ్బు దాచడం మొదలుపెట్టా. ఈలోగా ఒంగోలులో ఒక పాత స్నేర్ ఉందన్నారు, శనివారం టార్చి తీసుకుని వెళ్తున్నా.

జవాబు (నెల్లూరు నుంచి)

నట్లు తిప్పే డ్రమ్ కీ కూడా జేబులో వేసుకెళ్లు. స్కిన్ విప్పనివ్వకపోతే కొనకుండా వచ్చేయ్.